కేస్ షీట్ అడగటానికి మొహమాటం ఎందుకండీ

పోయిన నెల మంచం పట్టిన పెద్దవాళ్ళ గురించి ఇక్కడ రెండు ముక్కలు రాశాను, అంతే, ఉత్తరాలు మెయిళ్ళు ఒకటే రావడం. అన్నిటికీ జాగా లేదు కాబట్టి పదిమందికీ పనికొచ్చేవి తీసుకున్నాను. మీరు ఆసుపత్రుల పేర్లు, హోమ్‌ల పేర్లు రాసినా మేం తీసేశాం, అవతలివాళ్ళ మాట వినకుండా పత్రికలో పేరు వెయ్యడం న్యాయం కాదు, పైగా రేపు మీ కేసుకే అది అడ్డం పడుతుంది.

ప్రశ్న: మేడం, నేను డాలస్‌లో ఉంటాను. అమ్మకి 78 ఏళ్ళు, డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. నాన్న పోయాక హైదరాబాద్ శివార్లలో ఒక కేర్ హోమ్‌లో పెట్టాం, నెలకి 42 వేలు, డైపర్లు మందులు వేరే. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేయిస్తారు, మెడ దాకా దుప్పటి కప్పి తల దువ్వి బొట్టు పెట్టి చూపిస్తారు, బానే ఉందనుకున్నాం. మొన్న మా పిన్ని చెప్పాపెట్టకుండా వెళ్తే గదంతా వాసన, దుప్పటి తీస్తే నడుం కింద అరచెయ్యంత పుండు, లోపల ఎముక కనపడుతోందంట. అడిగితే "ఈ వయసులో ఇది మామూలే, మీకు ముందే చెప్పాం కదా" అంటున్నారు. మాకెవరూ ఏమీ చెప్పలేదు. వాళ్ళ మీద కేసు నిలబడుతుందా?

జవాబు: కేసు సంగతి తర్వాత బాబూ, ముందు అమ్మని ఇవాళే ఆసుపత్రిలో చేర్పించమని పిన్నిగారికి చెప్పండి. ఎముక దాకా పోయిన పుండంటే ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కితే మనిషే దక్కదు. జనరల్ సర్జన్ గానీ ప్లాస్టిక్ సర్జన్ గానీ చూడాలి. చేర్పించేటప్పుడే డ్యూటీ డాక్టర్ని ఒక్కటి అడగమనండి, పుండు ఎక్కడుంది, ఎంత పొడవు ఎంత లోతు, ఏ స్టేజి, ఇక్కడికి వచ్చేటప్పటికే ఉంది అని అడ్మిషన్ నోట్‌లో రాయమనండి. ఆ ఒక్క పేజీ లేకపోతే రేపు కేర్ హోమ్ వాళ్ళు పుండు ఆసుపత్రిలో పడిందంటారు, ఆసుపత్రి వాళ్ళు హోమ్‌లో పడిందంటారు, మధ్యలో మీరు ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చోవాలి. పక్కన స్కేలు పెట్టి తేదీతో ఫొటోలు తియ్యమనండి, కానీ దయచేసి వాటిని ఫ్యామిలీ గ్రూపుల్లో తిప్పకండి, ఆవిడకి తెలివి ఉంటే ఒప్పుకునేదా అని ఒక్కసారి ఆలోచించండి.

ఇంక ఆ "మామూలే" అన్నమాట. అది సగం నిజం, అందుకే జనం నమ్మేస్తారు. మనిషి కదలకుండా పడుకుంటే నడుం కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి అక్కడ రక్తం ఆడదు. మొదట ఎర్రబడుతుంది, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోదు, మన చామనచాయ ఒంటి మీదైతే ఎరుపు సరిగ్గా తెలీదు, చెయ్యి వేస్తే ఆ చోటు వేడిగానో గట్టిగానో తగుల్తుంది. అది మొదటి స్టేజి, అప్పుడు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ తడి లేకుండా చూస్తే చాలావరకు తగ్గిపోతుంది. తర్వాత బొబ్బ, తర్వాత కొవ్వు దాకా గుంట, నాలుగో స్టేజిలో కండా ఎముకా బయటపడతాయి. షుగరు ఉన్నవాళ్ళకి, తిండి సయించనివాళ్ళకి, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళకి ఎంత చూసినా కొన్ని పుండ్లు పడతాయి, అవన్నీ నిర్లక్ష్యమే అని నేననను. కానీ "ఎంత చూశారు" అన్నదానికి కాయితం ఉండాలి కదండీ. మామూలుగా రెండు గంటలకోసారి పక్కకి తిప్పి టైము రాస్తారు, డైపర్ మార్చింది రాస్తారు, ఎయిర్ బెడ్ ఎప్పుడు వేశారో, డాక్టర్ ఎప్పుడొచ్చాడో, ఇంట్లోవాళ్ళకి ఎప్పుడు ఫోన్ చేశారో రాస్తారు. అరచెయ్యంత పుండు పడేదాకా మీకొక్క ఫోన్ రాలేదంటే వాళ్ళు చూడలేదనుకోవాలి, లేదా చూసి దాచారనుకోవాలి, రెంటిలో ఏదైనా వాళ్ళకి మంచిది కాదు.

ఆ చార్టులు కాపీ అడగండి, ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. ఇచ్చాక జాగ్రత్తగా చూడండి. నెలంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత, 2, 4, 6, 8 అని కొట్టినట్టు వరసగా ఉంటే అది ఒకే రోజు కూర్చుని నింపింది. అమ్మని స్కానింగుకి బయటికి తీసుకెళ్ళిన మధ్యాహ్నం కూడా "ఎడమ పక్కకి తిప్పాం" అని ఉందేమో వెతకండి.

కేసు అంటారా, నిలబడుతుంది. డబ్బు తీసుకుని చేసే సేవ కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కిందికి వస్తుంది, డబ్బు కట్టింది మీరు గనక మీరూ వినియోగదారే, సేవ అందాల్సింది అమ్మకి గనక ఆవిడా వినియోగదారే. మీరు డాలస్ నుంచే ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వెయ్యొచ్చు, ఇక్కడ తిరగడానికి పిన్నిగారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఉంది, అక్కడా ఫిర్యాదు నమోదు చేయించండి. హోమ్‌లో వైద్యం కూడా చేస్తాం అని చెప్పుకుంటుంటే దానికి రిజిస్ట్రేషన్ ఉందా అని జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్ఓ) ఆఫీసులో రాసి అడగండి. భారతీయ న్యాయ సంహితలో 357 సెక్షన్ అని ఒకటుంది, నిస్సహాయుల్ని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని కావాలని చూడకపోతే 3 నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా. శిక్ష చూస్తే నవ్వొస్తుంది గానీ, నిర్లక్ష్యం నేరం కూడా అని నోటీసులో రాయడానికి పనికొస్తుంది.

నిజం చెప్పాలంటే కేర్ హోమ్‌ల మీద మన దగ్గర గట్టి చట్టం లేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లల బాధ్యత గురించి చాలా చెప్తుంది, డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు హోమ్‌లో రాత్రి ఎంతమంది స్టాఫ్ ఉండాలో చెప్పదు. హోమ్‌లకి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు పెడతామని 2019లో పార్లమెంటులో సవరణ బిల్లు పెట్టారు, అది పాస్ కాకుండానే పోయింది. అద్దె ఇల్లు తీసుకుని నాలుగు మంచాలు వేసి బోర్డు పెట్టేసేవాళ్ళు అందుకే పుట్టుకొస్తున్నారు.

అమ్మ కోలుకున్నాక ఇంకో హోమ్ చూస్తారు కదా, లాబీలో సోఫాలు చూడకండి. రాత్రి పది తర్వాత ఎంతమంది మేలుకుని ఉంటారు, ఎంతమందికి ఒక ఆయా, ఏ టైముకైనా బంధువులు రావొచ్చా అని అడగండి, "విజిటింగ్ అవర్స్‌లోనే రండి" అంటే అక్కడే లేచి వచ్చేయండి. వారానికోసారి వీడియో కాల్‌లో మొహం చూపించమని అడక్కండి, మడమలు చూపించమనండి. ఇంకో మాట, ఎర్రబడ్డ చోట రుద్దడం, మధ్యలో చిల్లున్న రబ్బరు రింగు మీద కూర్చోబెట్టడం మన ఇళ్ళల్లో ఇంకా చేస్తున్నారు, రెండూ చెయ్యకూడదు, రింగు అంచు దగ్గర రక్తం ఇంకా ఆగిపోతుంది.

ప్రశ్న: మేడం నమస్తే. మాది వరంగల్ దగ్గర ఊరు. మా నాయినకు కడుపునొప్పి లేస్తే టౌన్ల ఒక నర్సింగ్ హోమ్‌ల జాయిన్ చేసినం, పిత్తాశయంల రాళ్ళున్నయి ఆపరేషన్ జెయ్యాలె అన్నరు, చేసిన్రు. రెండో రోజు నుంచి కడుపు ఉబ్బింది, జ్వరం, ఒకటే మూలుగుడు. నర్సుకు జెప్తే గ్యాస్ అన్నది, డాక్టర్ రెండు రోజులు రానేలేదు. చెయ్యి దాటినంక హైదరాబాద్ తీస్కపొమ్మని అంబులెన్స్ ఎక్కిచ్చిన్రు, దారిలనే పాణం పోయింది. పోస్టుమార్టం చేపియ్యలే, ఆ బాధల మాకు తెలువలే. ఇప్పుడు కాయితాలు ఇయ్యమంటే రేపు రా ఎల్లుండి రా అంటున్రు. పెద్దమనుషులు రెండు లక్షలు ఇప్పిస్తం సంతకం పెట్టుర్రి అంటున్రు. డాక్టర్ మీద ఇంకో డాక్టర్ సాక్ష్యం చెప్తడా, మాతోని ఐతదా ఇది?

జవాబు: సంతకం పెట్టకండి తమ్ముడూ. రెండు లక్షలు తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇంట్లోవాళ్ళ ఇష్టం, దానికి నేను తప్పు పట్టను, కానీ కేస్ షీట్ చేతికి రాకముందు, ఒక డాక్టరుకీ ఒక వకీలుకీ చూపించకముందు ఏ కాయితం మీదా పెట్టకండి. "ఇంక ఎలాంటి క్లెయిమూ లేదు" అని రాసున్న చోట సంతకం పడితే తర్వాత దాన్ని విప్పడం చాలా కష్టం.

కాయితాలు వాళ్ళు దయతలచి ఇచ్చేవి కావు. డాక్టర్ల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం పేషెంటు గానీ, తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏళ్ళు దాచాలి. ఇవ్వకపోతే అదే ఒక తప్పు, దాని మీద మెడికల్ కౌన్సిల్‌కి వేరే ఫిర్యాదు పెట్టొచ్చు. మీరు చేసే పొరపాటేంటంటే కౌంటర్ దగ్గర నోటితో అడుగుతున్నారు. ఒక తెల్లకాయితం మీద రాయండి, నాయిన పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), చేరిన తేదీ, ఆపరేషన్ తేదీ, మీరు కొడుకునని, ఆధార్, డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి చేతిలో పెట్టి పంపించేస్తారు, దాంతో సర్దుకోకండి. అడ్మిషన్ నోట్, కన్సెంట్ ఫారం, ఆపరేషన్ నోట్స్, మత్తు డాక్టర్ నోట్స్, నర్సుల చార్ట్, రక్తపరీక్షలు, రిఫరల్ లెటర్, అన్నీ పేరుపేరునా అడగండి.

అన్నిట్లోకీ నర్సుల చార్టే ముఖ్యం అంటాను నేను. పిత్తాశయం ఆపరేషన్ తర్వాత పైత్యరసం కారడం, పేగుకి గాయం కావడం అక్కడక్కడా జరిగేవే, మంచి సర్జన్ చేతిలో కూడా జరుగుతాయి, అది జరిగినంత మాత్రాన నిర్లక్ష్యం అనడానికి లేదు. కానీ కడుపు ఉబ్బి జ్వరం వచ్చి నాడి పరిగెడుతుంటే అది గ్యాస్ అని వదిలెయ్యడం, సర్జన్ వచ్చి చెయ్యి వేసి చూడకపోవడం, స్కాన్ తియ్యకపోవడం, అదీ నిర్లక్ష్యం. చార్ట్‌లో ఆ రెండు రోజులూ జ్వరం ఎంత, నాడి ఎంత, ఎవరికి ఎన్నింటికి చెప్పారు అన్నది ఉంటుంది. మీ వకీలు వాదనంతా దాని మీదే.

డాక్టర్ మీద డాక్టర్ చెప్తాడా అన్నారు. కష్టమే, కానీ ప్రతి కేసులోనూ అక్కర్లేదు. హైదరాబాద్‌లోనే జరిగింది, వి. కిషన్ రావు కేసు అంటారు. ఆయన మలేరియా డిపార్ట్‌మెంట్‌లోనే ఆఫీసరు, భార్యకి చలిజ్వరం వస్తే నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్‌లో టైఫాయిడ్‌కి మందులిచ్చారు, ఆవిడ చనిపోయింది. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షలు ఇమ్మంది, స్టేట్ కమిషన్ ఎక్స్‌పర్ట్ సాక్ష్యం లేదని కొట్టేసింది, 2010లో సుప్రీంకోర్టు మళ్ళీ జిల్లా ఫోరం తీర్పే నిలబెట్టింది. మామూలు మనిషికి కూడా కంటికి కనపడే తప్పు ఐతే నిపుణుడి సాక్ష్యం లేదని కేసు కొట్టెయ్యకూడదు అని చెప్పింది. మీ వకీలుకి ఈ కేసు పేరు చెప్పండి. అలాగని మీకు ఎక్స్‌పర్ట్ వద్దు అనను, నాయిన చనిపోడానికి కారణం ఇదే అని చూపించాలి, పోస్టుమార్టం లేదు కాబట్టి ఒక సర్జన్ ఒపీనియన్ ఉంటే కేసు బలపడుతుంది.

జరిగిన రోజు నుంచి 2 ఏళ్ళలోపు వెయ్యాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే (అప్పటి ఫోరమే ఇది) వెయ్యాలి, ఎందుకంటే ఇప్పుడు మీరు అడిగే నష్టపరిహారం బట్టి కాదు, మీరు కట్టిన బిల్లు బట్టి చూస్తారు, బిల్లు 50 లక్షలు దాటకపోతే జిల్లానే. బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఒకవేళ ఆరోగ్యశ్రీ కింద చేసుంటే కేసు ఉండదని ఎవరన్నా అంటే నమ్మకండి, ఇతర పేషెంట్ల దగ్గర డబ్బు తీసుకునే ఆసుపత్రి ఒక పేషెంటుకి ఉచితంగా చేసినా చట్టం వర్తిస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు ఖర్చు భయమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్ళకి, ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఉచితంగా వకీల్ని ఇస్తారు, అమ్మ పేరు మీద అడగొచ్చు.

టైము మాత్రం పడుతుంది. చట్టంలో 3 నెలలు, పరీక్షలు అవసరమైతే 5 నెలలు అని రాసుంది, కమిషన్లో వాయిదాల బోర్డు చూస్తే మీకే తెలుస్తుంది. నిమ్స్‌లో 1990లో ఛాతీలో గడ్డకి ఆపరేషన్ చేయించుకుని కాళ్ళు పడిపోయిన ఇంజనీరింగ్ కుర్రాడి కేసులో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇమ్మంది, 2009లో. మధ్యలో ఎన్నేళ్ళో లెక్కేసుకోండి. ఇంట్లో అందరూ కూర్చుని ఓపిక ఉందా లేదా అని మాట్లాడుకునే మొదలుపెట్టండి.

ప్రశ్న: బిల్లు బాకీ ఉందని మా బావగారి బాడీ ఇవ్వకుండా సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. అలా ఆపొచ్చా? — తెనాలి

జవాబు: ఆపకూడదు. కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకి పంపిన పేషెంట్ హక్కుల చార్టర్‌లో ఇది స్పష్టంగా ఉంది, బిల్లు గొడవ ఉన్నా పేషెంటుని గానీ మృతదేహాన్ని గానీ ఆపకూడదు. బాకీ ఉంటే వాళ్ళు చట్టప్రకారం వసూలు చేసుకోవాలి. ఇలాంటప్పుడు 100కో 112కో ఫోన్ కొట్టి, అక్కడి నుంచే డీఎంహెచ్ఓకి మెసేజ్ పెట్టండి, చాలాసార్లు పోలీసు జీపు గేటు దగ్గర కనపడగానే బాడీ బయటికొచ్చేస్తుంది.

ప్రశ్న: మేడం గారూ, నేను విజయవాడలో ఒక హోమ్‌లో ఆయాగా చేస్తాను. రాత్రి డ్యూటీకి ఇద్దరమే, మంచం మీద ఉన్నవాళ్ళే ఇరవై మందికి పైన. కేకలేసేవాళ్ళకి నిద్రమాత్ర వేసెయ్యమని ఓనరు చెప్తాడు, చీటీ ఏముండదు. ఒక తాతగారిని మంచానికి చున్నీతో కట్టమంటాడు. నాకు భయమేస్తంది, ఏదన్నా ఐతే నామీదకొస్తదా? ఉద్యోగం పోతే పిల్లల ఫీజులు ఎట్టా?

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నేను రెండుసార్లు చదివింది నీ ఉత్తరమే. మిగతా అందరూ బయటి నుంచి చూసి రాశారు, నువ్వు లోపల నుంచి రాశావు.

డాక్టర్ చీటీ లేకుండా మాత్ర వెయ్యకు. పెద్దవాళ్ళకి నిద్రమాత్ర ఎక్కువైతే మింగేది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, లేచి పడతారు, పొద్దున లేవకుండా కూడా పోతారు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకి పిచ్చి తగ్గించే కొన్ని రకాల మాత్రలు వాడితే చావు ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే మందు వివరాల కాయితంలో నల్లగీత గడిలో గట్టి హెచ్చరిక పెట్టించింది. కేకలేసే మనిషి ఊరికే వెయ్యడు, మూత్రం బిగబట్టిందో, పైపు మడతపడిందో, దాహమో, నొప్పో ఉంటుంది, అది చూసి అప్పటికీ కాకపోతే డాక్టర్‌కి ఫోన్ చెయ్యమని ఓనరుకి చెప్పు, వాట్సాప్‌లో మెసేజ్‌గా పెట్టు. "చీటీ పంపండి సార్, వేస్తాను" అని ఒక్క ముక్క. అందులో ఎదురుతిరిగినట్టేం లేదు, నీకు రక్షణ ఉంది.

నీమీదకొస్తదా అంటే, నష్టపరిహారం విషయంలో ముందు యజమానే బాధ్యుడు. 1998లో స్ప్రింగ్ మెడోస్ కేసులో నర్సు పిల్లాడికి ఒక ఇంజెక్షన్ బదులు ఇంకోటి ఇచ్చింది, పిల్లాడు జీవచ్ఛవం ఐపోయాడు, సుప్రీంకోర్టు ఆసుపత్రినే పట్టుకుంది. కానీ తెలిసి తెలిసి చెయ్యకూడని పని చేస్తే పోలీసు కేసులో "ఓనరు చెప్పాడు" అంటే సరిపోదు. 14567కి ఫోన్ చేసి నీ పేరు బయటికి రావద్దని చెప్పి హోమ్ అడ్రసు ఇవ్వు. ఈలోపు వేరే చోట పని వెతుక్కో తల్లీ, మంచి ఆయాలకి ఇప్పుడు ఇళ్ళల్లోనే పిలిచి ఉద్యోగమిస్తున్నారు.

ప్రశ్న: మీ కాలమ్ చదివి పేషెంట్ల బంధువులు ప్రతిదానికీ మామీద అనుమానపడుతున్నారు. చిన్న ఊళ్ళో సర్జన్‌గా ఇరవై ఏళ్ళ పైనుంచి చేస్తున్నాను. కాంప్లికేషన్ వస్తే పూలకుండీలు పగలగొడతారు, యూట్యూబ్ ఛానల్ వాడు మైకు పట్టుకొస్తాడు. ఇలాగైతే సీరియస్ కేసు ఎవరు ముట్టుకుంటారు? — ఒక డాక్టరు, రాయలసీమ

జవాబు: డాక్టరు గారూ, మీ కోపంలో అర్థం ఉంది. 2022లో రాజస్థాన్ దౌసాలో కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే డాక్టరమ్మ మీద ఏకంగా హత్య కేసు పెట్టారు, ఆవిడ ఉరేసుకుంది. అలా జరగకూడదనే 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. లూథియానాలో ఊపిరాడని పేషెంటుకి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీది, మనిషి చనిపోయాడు. డాక్టర్ల మీద క్రిమినల్ కేసు నడవదు, సివిల్‌గా ఆసుపత్రి బాధ్యత ఉండొచ్చు అంది కోర్టు. క్రిమినల్ కేసుకి మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, పోలీసులు ముందు ఇంకో డాక్టరు అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరుది, తీసుకోవాలి, అరెస్టుకి తొందరపడకూడదు అంది. పగలగొట్టేవాళ్ళకి నేను చెప్పేదీ అదే, ఆ గొడవలో ఆసుపత్రి వాళ్ళు పెట్టే కేసులకి మీరు తిరుగుతుంటారు, అసలు కేసు పక్కకి పోతుంది.

కానీ మీరొకటి ఒప్పుకోవాలి. జనానికి అనుమానం కాంప్లికేషన్ వల్ల రాదు, చెప్పకపోవడం వల్ల వస్తుంది. "పేగుకి చిన్న గాయమైంది, ఇది జరుగుతుంటుంది, ఇప్పుడిలా చేస్తున్నాం" అని సర్జనే వచ్చి కూర్చుని చెప్పినచోట నా దగ్గరికి కేసులు తక్కువొస్తాయి. డాక్టరు మొహం తప్పించి, బిల్లింగ్ కౌంటర్ అబ్బాయిని మాట్లాడమని పంపినచోట నుంచి వస్తాయి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అత్తయ్యగారికి తుంటి విరిగి ఆపరేషన్ అయ్యాక రిహాబ్ (మళ్ళీ నడిపించే చికిత్స) కోసం ఇక్కడ నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, బాత్రూమ్ అని అడిగినా ఎవరికీ అర్థం కాదు, బెల్ కొట్టినా రారు, ఒక్కర్తే లేవబోయి మళ్ళీ పడ్డారు. అడిగితే ఫాల్ రిస్క్ (పడిపోయే ప్రమాదం) అండి అంటారు. మా ఆయన "ఇక్కడ కంప్లయింట్ ఇస్తే అమ్మని ఇంకా పట్టించుకోరు" అని ఊరుకుంటున్నారు.

జవాబు: మీవారి భయం ఇక్కడా వింటుంటాను, కానీ మీరున్న చోట దారులు చాలా మెరుగ్గా ఉన్నాయమ్మా. అమెరికాలో నర్సింగ్ హోమ్‌ల మీద 1987 నుంచి ఫెడరల్ చట్టం ఉంది, మెడికేర్, అంటే పెద్దవాళ్ళకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఆ డబ్బు తీసుకునే ప్రతి హోమూ దానికి లోబడాలి. ప్రతి రాష్ట్రంలో లాంగ్ టర్మ్ కేర్ ఆంబుడ్స్‌మన్ అని ఒక ఆఫీసు ఉంటుంది, పైసా ఖర్చు లేదు, హోమ్‌లలో ఉన్నవాళ్ళ ఫిర్యాదులు చూడటమే వాళ్ళ పని, హోమ్ గోడ మీద నంబరు అతికించి ఉండాలి. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధిస్తే అది ఇంకో ఉల్లంఘన.

దానికంటే ముందు, కేర్ ప్లాన్ మీటింగ్ పెట్టమని రాసి అడగండి. "ఫాల్ రిస్క్" అని వాళ్ళే అన్నారు కదా, మరి ఆ రిస్క్‌కి ఏం చేస్తున్నారో కేర్ ప్లాన్‌లో ఉండాలి, మంచం కిందికి దించారా, రెండు మూడు గంటలకోసారి వాళ్ళే వచ్చి బాత్రూమ్‌కి తీసుకెళ్తున్నారా, పడ్డాక ప్లాన్ మార్చారా. బాత్రూమ్ అర్జెంటు కోసం లేచినప్పుడు ముసలివాళ్ళు పడటం చాలా చోట్ల జరిగేదే. కదలకుండా కట్టెయ్యడం మాత్రం ఒప్పుకోకండి, స్టాఫ్ సౌకర్యం కోసం కట్టడం అక్కడ చట్టవిరుద్ధం. భాష సంగతికి ఫోన్ మీద తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చెయ్యమని అడగండి, ఫెడరల్ డబ్బు తీసుకునే చోట అది అడిగే హక్కు ఉంది. మీరు కూడా ఒక అట్ట మీద నీళ్ళు, బాత్రూమ్, నొప్పి, చలి అని బొమ్మలతో, కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి మంచం పక్కన కట్టండి, పావుగంట పని.

రికార్డు అడిగితే శని ఆదివారాలు వదిలేసి 24 గంటల్లో చూపించాలి, కాపీలు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. మెడికేర్ వాళ్ళ కేర్ కంపేర్ సైటులో ఆ హోమ్ స్టార్లు కాదు, కింద ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు చదవండి, వాటి ఫారం నంబరు 2567, అక్కడ ఏ తప్పులు పట్టుకున్నారో వాక్యం వాక్యం ఉంటుంది. చేరేరోజు ఇచ్చిన కట్టలో ఆర్బిట్రేషన్ కాయితం (గొడవొస్తే కోర్టుకి వెళ్ళం, మధ్యవర్తి దగ్గరే తేల్చుకుంటాం అనే ఒప్పందం) మీద సంతకం పెట్టారేమో వెతకండి. చేర్చుకోవాలంటే అది పెట్టాల్సిందే అని అడగకూడదు, పెట్టినా 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. ఆ గడువు దాటకముందే చూడండి. పెద్ద దెబ్బ తగిలుంటే న్యూజెర్సీలో దావాకి మామూలుగా 2 ఏళ్ళే, అక్కడి లాయర్ని కలవండి.

ప్రశ్న: మా పక్కింటి మామ్మగారు 2016లో ఇల్లు కొడుకు పేర గిఫ్ట్ రాసేశారు. ఇప్పుడు ఆవిడకి పక్షవాతం వస్తే ఒక ఆశ్రమంలో పడేసి ఫీజు కూడా కట్టడం మానేశాడు. ఆశ్రమం వాళ్ళు తీసుకెళ్ళిపొమ్మంటున్నారు. మేం బయటివాళ్ళం, ఏమన్నా చెయ్యగలమా? — కాకినాడ

జవాబు: చెయ్యగలరు. 2007 చట్టం కింద మామ్మగారే అర్జీ పెట్టుకోవాలి, ఆవిడ చెయ్యలేని స్థితిలో ఉంటే ఆవిడ తరఫున ఒప్పుకున్న మనిషి గానీ స్వచ్ఛంద సంస్థ గానీ పెట్టొచ్చు, వేలిముద్ర చాలు. ట్రిబ్యునల్ అంటే మీ ఆర్డీఓ ఆఫీసే, వకీలు అక్కర్లేదు. నెలకి 10 వేల దాకా పోషణ ఇప్పించొచ్చు, తల్లిని ఎక్కడో వదిలేసి పోయినందుకు 24వ సెక్షన్ కింద 3 నెలల దాకా జైలు గానీ 5 వేల దాకా జరిమానా గానీ ఉంది. ఇంటి సంగతి 23వ సెక్షన్ చూస్తుంది, చూసుకుంటాననే షరతు మీద రాసి, తర్వాత చూసుకోకపోతే ఆ గిఫ్ట్ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించొచ్చు. అందుకని ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గిఫ్ట్ డీడ్ సర్టిఫైడ్ కాపీ తీయించండి, అందులో "నన్ను కడవరకు చూసుకొనునట్లు" అన్నట్టు ఒక్క ముక్క ఉన్నా పట్టుకోండి. ఆశ్రమం బాకీ బిల్లులు, డాక్టర్ చీటీలు, డీడ్ కాపీ జతచేసి సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోకుండా ఇంటికి రాకండి.